చావు భయం, దాని వెనకున్న నమ్మకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చావు భయం గురించి వచ్చే సందేహాలు తిరిగి తిరిగి అవే వస్తుంటాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంది. మీకు కావలసింది మాత్రమే చదువుకోవచ్చు.

## మొదట తేల్చుకోవలసినవి

చావంటే ఎవరికి భయం ఉండదు? అందులో తప్పేముంది?

తప్పేమీ లేదు. బైకెక్కితే హెల్మెట్ పెట్టించేది, ఛాతీలో నొప్పి వస్తే ఆసుపత్రికి పరిగెత్తించేది ఆ జంకే. అది ఉండాలి. ఆ భయం మీ చేత ఏం చేయిస్తోందో చూడండి. ప్రాణం కాపాడే పని చేయిస్తే అది జాగ్రత్త. నిద్ర చెడగొట్టి, పరామర్శకు కూడా వెళ్లనివ్వకుండా, రోజుకు పదిసార్లు నాడి చూసుకునేలా చేస్తే అది హడలు. జాగ్రత్త వెనక ఒక రకం నమ్మకం ఉంటుంది, హడలు వెనక ఇంకో రకం.

అహేతుక నమ్మకం అంటే మూఢనమ్మకమేనా?

కాదు. అందరూ తడబడేది ఇక్కడే. అమెరికన్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ 1955లో మొదలుపెట్టిన చికిత్సా పద్ధతిలో ఈ మాటకు వేరే అర్థం ఉంది. మనం కోరుకునేదాన్ని లోకానికి ఆజ్ఞగా మార్చే నమ్మకాన్ని ఆయన అహేతుకం అన్నాడు. చావు విషయంలో అది నాలుగు రూపాల్లో కనిపిస్తుంది.

మొదటిది పట్టుబట్టడం: "నాకిప్పుడు చావు రాకూడదు, రానే రాకూడదు", "ఎప్పుడొస్తుందో నాకు ఖచ్చితంగా తెలిసి తీరాలి." రెండోది ఘోరంగా చూడటం: "చనిపోవడం కంటే దారుణం ఈ సృష్టిలో లేదు." మూడోది "ఆ ఆలోచననే నేను తట్టుకోలేను." నాలుగోది మనిషి మొత్తం మీద ముద్ర వేయడం: "చావుకు భయపడే నేను పిరికివాణ్ణి, పనికిరానివాణ్ణి." మొదటిది చెట్టుకు వేరు లాంటిది, మిగతా మూడు ఆ చెట్టు కొమ్మలు. పిల్లి ఎదురొస్తే నవ్వి ముందుకు సాగిపోయే హేతువాది మనసులో కూడా ఈ నాలుగూ ఉండొచ్చు.

హేతుబద్ధంగా ఆలోచించడమంటే దేవుణ్ణి వదిలేయడమా?

తెలుగులో 'హేతువాదం' అనగానే నాస్తికత్వం గుర్తొస్తుంది కాబట్టి ఈ అనుమానం సహజం. ఇక్కడ అలాంటి షరతేమీ లేదు. నమ్మకం వాస్తవంతో సరిపోతోందా, పొందికగా ఉందా, బతకడానికి సాయపడుతోందా అన్నదే కొలత. ధర్మరాజు యక్షుడికి చెప్పిన జవాబు ఆ కొలతకు చక్కగా నిలుస్తుంది: రోజూ ప్రాణులు యముడి ఇంటికి పోతుంటే, మిగిలినవాళ్లు తాము శాశ్వతంగా ఉండాలనుకోవడాన్ని మించిన ఆశ్చర్యం ఏముంది? "నాకు మాత్రం రాకూడదు" అన్న పట్టుదలను ఇంతకంటే సూటిగా తప్పుపట్టిన మాట అరుదు.

పునర్జన్మను నమ్మేవాళ్లకి, భక్తులకి ఈ భయం ఉండదంటారు. నిజమేనా?

అందరికీ కాదు. భక్తికీ చావు భయానికీ సంబంధం మీద జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. చాలావాటిలో చెప్పుకోదగ్గ సంబంధమే కనిపించలేదు. నమ్మకం ఏమిటి అన్నదానికంటే దాన్ని ఎలా పట్టుకున్నారన్నది ఎక్కువ పని చేస్తుంది. "ఆత్మ ఉంటుందని నమ్ముతాను, ఆయన చూసుకుంటాడు" అనేవారికి అది ఊరట. "మోక్షం ఖాయంగా రావాలి, ఏ పాపం అడ్డొస్తుందో" అనేవారికి అదే నమ్మకం నిద్ర లేకుండా చేస్తుంది.

"నాకేం కాదు" అని ధైర్యం చెప్పుకుంటే అది హేతుబద్ధమే కదా?

కాదు. అది అబద్ధం, మనసు దాన్ని ఎంతోసేపు నమ్మదు. హేతుబద్ధమైన మాట చేదుగానే ఉంటుంది: "నేను ఎప్పుడో ఒకప్పుడు పోతాను. నాకది ఇష్టం లేదు. ఇష్టం లేనంత మాత్రాన రాకూడదన్న నియమం ఎక్కడా లేదు." ఇది అనుకున్నాక కూడా కొంత దిగులు ఉంటుంది. ఆ దిగులు ఆరోగ్యకరమే, దాన్ని తుడిచిపెట్టాలని చూడకండి.

వయసు పెరిగేకొద్దీ ఈ భయం పెరుగుతుందా?

సాధారణంగా పెరగదు. 20ల్లో ఉన్నవాళ్లలో ఎక్కువగా, 60 దాటినవాళ్లలో తక్కువగా కనిపిస్తుంది. పెద్దవాళ్లు చావు కంటే మంచాన పడటానికి, ఒకరి మీద ఆధారపడటానికి ఎక్కువ భయపడతారు.

## మీలో ఉన్న నమ్మకాన్ని పట్టుకునేటప్పుడు

నా మనసులో ఏ నమ్మకమూ లేదు, ఊరికే భయమేస్తుంది. ఎక్కడని వెతకను?

నమ్మకం వాక్యంలా వినిపించదు. దాన్ని కిందికి తవ్వాలి. భయం వేసిన క్షణం తీసుకుని "అయితే ఏమవుతుంది?" అని మీరే అడుగుతూ పోండి. ఉదాహరణకు: "రాత్రి నిద్రలోనే పోతానేమో." అయితే? "పొద్దున నేనుండను." ఉండకపోతే? "అంతా నేను లేకుండానే నడుస్తుంది." నడిస్తే? "అలా నడవకూడదు." దొరికింది. అయిదారు మెట్లలోనే 'కూడదు', 'తీరాలి', 'భరించలేను' అన్న మాటల్లో ఏదో ఒకటి బయటపడుతుంది.

ఏ చావుకు భయపడుతున్నారో కూడా విడగొట్టండి. 1969లో కొల్లెట్, లెస్టర్ అనే పరిశోధకులు దీన్ని నాలుగుగా విభజించారు: నేను లేకుండా పోవడం, నేను చనిపోయే క్రమం, నావాళ్లు లేకుండా పోవడం, నావాళ్లు చనిపోయే క్రమం. నొప్పికి భయపడే మనిషి శూన్యం గురించి ఎంత తర్కించుకున్నా లాభం లేదు. ఆయనకు కావలసింది నొప్పి తగ్గించే వైద్యం గురించిన సమాచారం.

చావు గురించి మాట్లాడితే తథాస్తు దేవతలు 'తథాస్తు' అంటారట కదా?

నోటి మాట జాగ్రత్తగా వాడమని చెప్పడానికి పెద్దలు వాడే మాట ఇది. భయం ఉన్నవాళ్ల దగ్గర మాత్రం ఇది వేరేలా పని చేస్తుంది: అనుకుంటే అయిపోతుంది కాబట్టి అనుకోకూడదు, అనుకోకూడదు కాబట్టి అదే గుర్తొస్తుంది. ఆలోచనను అణచే కొద్దీ అది ఎక్కువసార్లు తలెత్తుతుంది. పరీక్షించడం సులువు. "నాకు ఈ వారంలో లాటరీ తగులుతుంది" అని రోజూ 20 సార్లు పైకి అనండి. మంచి మాటకు పలకని తథాస్తు చెడ్డ మాటకే ఎందుకు పలకాలి? తర్వాత "నేను ఒకరోజు చనిపోతాను" అని రోజూ 5 నిమిషాలు నెమ్మదిగా చదవండి. మొదటి రెండు మూడు రోజులు ఒళ్లు జలదరిస్తుంది. వారం గడిచేసరికి అది మామూలు వాక్యంలా వినిపించడం మొదలవుతుంది.

జాతకంలో గండం ఉందన్నారు. ఆ వయసు దగ్గరపడుతోంది. హోమం చేయించాలా?

భక్తితో చేయించుకుంటే అది మీ ఇష్టం. "చేయించకపోతే పోతాను" అని చేయిస్తే మాత్రం భయం ముదురుతుంది. ఎందుకంటే గండం దాటితే ఆ ఘనత హోమానికి పోతుంది, గండమే లేదేమో అని తేలే అవకాశం మీకు మిగలదు. ఏడాది తిరిగాక ఇంకో గండం, ఇంకో హోమం. తప్పని ఎప్పటికీ తేలని మాటకు రుజువు కూడా ఉండదని గుర్తుంచుకోండి. ఆ డబ్బులో కొంచెం పెట్టి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. నడివయసులో నిజమైన గండాలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

మా ఇంట్లో పెద్దాయన ధనిష్ఠా పంచకంలో పోయారు. ఇంకొకరు పోతారని ఇల్లు మూసేశాం. ఏది నిజం?

దుఃఖంలో ఉన్న ఇంటికి ఈ భయం కూడా తోడవడం చాలా బాధాకరం. ఒక చిన్న లెక్క చూడండి. ధనిష్ఠ నుంచి రేవతి వరకు అయిదు నక్షత్రాలు, మొత్తం నక్షత్రాలు 27. చంద్రుడు ఒక్కో నక్షత్రంలో దాదాపు ఒక రోజు ఉంటాడు. అంటే లోకంలో ప్రతి అయిదారు మరణాల్లో ఒకటి ఈ నక్షత్రాల్లోనే జరుగుతుంది. కొన్ని ప్రాంతాల్లో ఇంకొన్ని నక్షత్రాలు కూడా కలుపుతారు కాబట్టి ఆ సంఖ్య మరింత పెరుగుతుంది. ఇన్ని ఇళ్లలో వెంటనే రెండో చావు వస్తే ఊళ్లు మిగలవు. నిజంగా రెండో చావు వచ్చిన ఇల్లు మాత్రం అందరి నోళ్లలో నానుతుంది, రానివాటిని ఎవరూ లెక్కపెట్టరు.

పెద్దల మాట కాదనలేకపోతే శాంతి చేయించి ఇంట్లోకి రండి. వయసు మళ్లిన అమ్మగారిని నెలల తరబడి ఇరుకు అద్దె గదిలో ఉంచడం వల్ల ఆవిడ ఆరోగ్యానికి జరిగే నష్టం ఊహ కాదు, నిజం.

జిమ్‌లో, పెళ్లిలో కుర్రాళ్లు కుప్పకూలిపోయే వీడియోలు రోజూ చూస్తున్నా. తర్వాత నేనేనా?

మనసు ఒక ప్రమాదం ఎంత తరచుగా జరుగుతుందో లెక్కగట్టదు, అది ఎంత సులువుగా గుర్తొస్తుందో చూసి అంచనా వేస్తుంది. ఈ గుణాన్ని ట్వెర్‌స్కీ, కానెమన్ అనే మనస్తత్వవేత్తలు 1973లో వివరించారు. దేశంలో ఏ మూల జరిగినా ఆ సీసీ కెమెరా దృశ్యం సాయంత్రానికి మీ వాట్సాప్‌లో ఉంటుంది. ఆరోజు జిమ్ నుంచి క్షేమంగా ఇంటికొచ్చిన లక్షల మంది వీడియో ఎవరూ పంపరు. రెండు వారాలు ఆ వీడియోలు తెరవకుండా తీసేయండి. కుటుంబంలో 50 లోపే గుండెజబ్బుతో పోయినవాళ్లుంటే డాక్టరుకు చెప్పి పరీక్షలు చేయించుకోండి. ఒకసారి చేయించుకోవడం జాగ్రత్త, నెలనెలా చేయించుకోవడం భయానికి మేత.

నాకోసం కాదు, నేను పోతే పిల్లలేమైపోతారోనని భయం.

ఇందులో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి నిజమైన పని: టర్మ్ పాలసీ, బ్యాంకు ఖాతాలకు నామినీ, అప్పుల వివరాలు, పిల్లలను చూసుకునేవారితో ఒక మాట. ఇది రెండు మూడు ఆదివారాల పని. రెండోది నమ్మకం: "నేను లేకపోతే వాళ్లు బతకలేరు." అది నిజం కాదు. తల్లినో తండ్రినో చిన్నతనంలోనే పోగొట్టుకుని, కష్టపడి అయినా నిలబడినవాళ్లు మీ చుట్టాల్లోనే ఉంటారు. మొదటి పని చేయకుండా రెండో దాని మీద వాదించుకుంటే మనసు ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం సబబే.

## మార్చుకునేటప్పుడు

నమ్మకాన్ని కాగితం మీద పెట్టమంటారు. సరిగ్గా ఏం రాయాలి?

ఒక పేజీని అయిదు గడులుగా గీయండి. భయం తగ్గాక, అదే రోజు, 15 నిమిషాలు చాలు.

మొదటి గడిలో జరిగింది మాత్రమే: "పక్కింటి ఆయన, 52 ఏళ్లు, గుండెపోటుతో పోయారని విన్నాను." రెండో గడిలో మనసు అన్న మాట: "నాకలా జరగకూడదు, జరిగితే ఘోరం, తట్టుకోలేను." మూడో గడిలో దాని ఫలితం: "భయం 100కు 85, రెండు గంటలు నిద్ర లేదు, బీపీ నాలుగుసార్లు చూసుకున్నాను."

నాలుగో గడి అసలు పని. మూడు ప్రశ్నలు వేయండి. రుజువేది: నాకు జరగకూడదని ఏ ప్రకృతి నియమం చెప్తోంది? తర్కానికి కుదురుతుందా: "నాకిష్టం లేదు" నుంచి "కాబట్టి జరగకూడదు" ఎలా వచ్చింది? నాకేం ఒరిగింది: ఆ రెండు గంటల మేలుకువ నా ఆయుష్షుకు ఒక్క నిమిషమైనా కలిపిందా?

అయిదో గడిలో కొత్త వాక్యం, మీ మాటల్లో: "నాకు గుండెపోటు రాకూడదని గట్టిగా కోరుకుంటాను. రాదన్న హామీ ఎవరికీ లేదు, నాకూ అక్కర్లేదు. ఉదయం నడక, ఉప్పు తగ్గించడం నా చేతిలో ఉన్నాయి." మళ్లీ భయానికి మార్కు వేయండి. 85 నుంచి 55కు వస్తే అది మంచి ఫలితమే. సున్నాకు రావాలని పట్టుబట్టకండి.

ఎక్కువగా జరిగే పొరపాటు మొదటి గడిలోనే ఉంటుంది. "నేనూ అలాగే పోతానని తెలిసింది" అని రాస్తారు. అది జరిగింది కాదు, నమ్మకం. రెండో పొరపాటు, రెండో గడిలోని మాటను వదిలేసి "ఆయనకు సిగరెట్ అలవాటు, నాకు లేదు" అని సంఘటనతో వాదించడం. అది ఆ రాత్రికి ఊరట. సిగరెట్ అలవాటు లేని మనిషి పోయిన రోజున ఆ ఊరటా పోతుంది.

తలకు తెలుసు, గుండెకు ఎక్కట్లేదు. ఏం చేయాలి?

ఇది దాదాపు అందరి అనుభవం. పాత వాక్యాన్ని మీరు ఏళ్ల తరబడి భయంతో, బలంగా అనుకున్నారు. కొత్తదాన్ని నాలుగుసార్లు, చప్పగా అనుకున్నారు. అదీ తేడా. రోజూ 10 నిమిషాలు కళ్లు మూసుకుని భయపడే దృశ్యాన్ని పూర్తిగా ఊహించుకోండి, భయాన్ని రానివ్వండి, ఆ దృశ్యాన్ని మార్చకుండానే ఆ హడలును దిగులుగా మార్చండి. మార్చినప్పుడు మనసులో ఏ మాట అనుకున్నారో రాసుకోండి. 30 రోజులు వరసగా చేయాలి. దృశ్యాన్ని మార్చేసి, ఆఖరి నిమిషంలో డాక్టరు బతికించినట్టు ఊహించుకుంటే సాధన చెడిపోయినట్టే.

చావు ఘోరం కాదంటారేంటి? ఘోరమే కదా?

చెడ్డదే. కొన్ని చావులు చాలా చెడ్డవి. ఎల్లిస్ అభ్యంతరం ఒక్కటే: చెడును 0 నుంచి 100 దాకా కొలిస్తే, 'ఘోరం' అన్నప్పుడు మనం 101 అంటున్నాం, అంటే "ఇంత చెడ్డది ఉండనే కూడదు" అంటున్నాం. అక్కడ మళ్లీ పట్టుదల దూరింది. గ్రీకు తాత్వికుడు ఎపిక్టెటస్ కూడా ఇదే ఉదాహరణ తీసుకున్నాడు: చావే భయంకరమైతే, నిబ్బరంగా విషం తాగి పోయిన తాత్వికుడు సోక్రటీసుకూ అలాగే కనిపించేది, భయంకరమైనది చావు గురించి మన తీర్పు.

ఒక హెచ్చరిక. ఇది మీ భయంతో మీరు వాదించుకోవడానికి పనికొచ్చే మాట. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర దీన్ని ఎత్తకూడదు. శోకం అహేతుకం కాదు.

చావింటికి, శ్మశానం వైపు వెళ్లలేకపోతున్నా. ఎలా అలవాటు చేసుకోవాలి?

తప్పించుకున్న ప్రతిసారీ "నేను తట్టుకోలేను" అన్న నమ్మకానికి ఒక ఓటు పడుతుంది. నిచ్చెన కట్టుకోండి, 7 నుంచి 10 మెట్లు, ఒక్కోదానికి 100కు భయం మార్కు. ఉదాహరణకు: పత్రికలో శ్రద్ధాంజలి ప్రకటనలు చదవడం 30, పోయినవారి ఫొటోకు దండ ఉన్న ఇంట్లో కూర్చోవడం 40, పెద్దకర్మకు వెళ్లి భోజనం చేసి రావడం 50, శ్మశానం పక్క రోడ్డు మీద పగలు నడవడం 60, పరామర్శకు మొదటి రోజే వెళ్లడం 75, అంతిమయాత్ర వెంట వెళ్లడం 90.

30తో మొదలుపెట్టండి. భయం సగానికి తగ్గేదాకా, లేదా "తట్టుకోలేను" అన్నది తప్పని మీకే తెలిసేదాకా అక్కడే ఉండండి. ఒక మెట్టును వారంలో మూడు నాలుగు సార్లు చేసి పైకి వెళ్లండి. జేబులో మాత్ర, చేతిలో తాయెత్తు, ఫోన్‌లో తోడు మాట్లాడే మనిషి ఉంటే భయం తగ్గిన ఘనత వాటికి పోతుంది. పై మెట్లకు వచ్చేసరికి అవి లేకుండా చేయాలి. వచ్చాక స్నానం చేయడం ఆచారమైతే చేయండి, నాలుగుసార్లు చేయకండి.

ఎన్నాళ్లు పడుతుంది?

క్రమంగా చేస్తే చాలామందికి రెండు మూడు నెలల్లో మార్పు తెలుస్తుంది. దగ్గరివాళ్లు పోయినప్పుడు, ఏదైనా జబ్బు బయటపడినప్పుడు భయం మళ్లీ వస్తుంది. అప్పుడు కాగితం మళ్లీ తీయండి.

## భయం ఎగసిపడినప్పుడు

అర్ధరాత్రి గుండె దడ, చెమటలు, చచ్చిపోతున్నానేమో అనిపిస్తుంది. ఆ క్షణంలో ఏం చేయాలి?

ముందు ఒక జాగ్రత్త. ఇలా రావడం ఇదే మొదటిసారి అయినా, మీకు 40 దాటినా, షుగరు, బీపీ ఉన్నా, ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి నొప్పి చేతికో దవడకో పాకుతున్నా అది భయమా గుండెపోటా అని ఇంట్లో తేల్చొద్దు. 108కి ఫోన్ చేయండి.

డాక్టరు చూసి ఇది పానిక్ అటాక్ (ఒక్కసారిగా ఎగసిపడే తీవ్రమైన భయం) అని ముందే తేల్చి ఉంటే, కూర్చోండి. 4 లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, 6 లెక్కపెట్టేదాకా వదలండి. పానిక్ సాధారణంగా 10 నిమిషాల్లోపు శిఖరానికి చేరి, అరగంటలో దిగిపోతుంది. దాన్ని ఆపాలని పోరాడకండి. "ఇది ఆగి తీరాలి" అన్న పట్టుదలే ఇంకాస్త అడ్రినలిన్ పోస్తుంది. "చాలా ఇబ్బందిగా ఉంది, భరించగలను, దిగిపోతుంది" అన్న మాట చాలు.

ఈసీజీ, ఎకో అన్నీ బాగున్నాయి. వారం తిరిగేసరికి మళ్లీ అనుమానం. ఎందుకు?

మీరు అడుగుతున్నది రిపోర్టు కాదు, హామీ. "నాకేమీ రాదని నూటికి నూరు శాతం తెలియాలి" అన్న నమ్మకానికి ఏ యంత్రమూ జవాబు ఇవ్వదు. రిపోర్టు ఇచ్చే ఊరట కొన్ని రోజులే ఉంటుంది, తర్వాత పెద్ద పరీక్ష కావాలనిపిస్తుంది. ఒక డాక్టరును ఎంచుకుని, పరీక్షలు ఎప్పుడు అవసరమో ఆయన్నే నిర్ణయించనివ్వండి. నాడి చూసుకోవడం, లక్షణాలు ఫోన్‌లో వెతకడం వంటి అలవాట్లను లెక్కపెట్టి వారానికి సగం చొప్పున తగ్గించండి. మొదటి వారం భయం పెరుగుతుంది, అది ఊహించినదే.

మగాణ్ణి అయ్యుండి ఇలా భయపడుతున్నానని సిగ్గుగా ఉంది.

ఇది భయం మీద కూర్చున్న రెండో బాధ. "నేను భయపడకూడదు" అన్నదీ పట్టుదలే. ముందు దీన్ని దించితే కిందున్న భయం సగం తేలికవుతుంది. భయపడటం మీరు చేస్తున్న ఒక పని, మీ మీద వేసిన ముద్ర కాదు. నమ్మకమైన ఒక్క మనిషికి చెప్పండి. చాలాసార్లు అవతలి మనిషి "నాకూ ఉంది" అంటాడు.

## ఇంట్లోవాళ్ల విషయంలో

పిల్లాడు "అమ్మా, నువ్వు చచ్చిపోతావా?" అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?

నిజం, చిన్న మాటల్లో: "ఒకరోజు అందరూ చనిపోతారు నాన్నా. నేను చాలాకాలం నీతో ఉండాలనుకుంటున్నాను. ఒకవేళ నేను లేకపోయినా నిన్ను చూసుకోవడానికి నాన్న, అమ్మమ్మ ఉంటారు." చావు అందరికీ వస్తుందని, వెళ్లినవారు తిరిగి రారని పిల్లలకు సాధారణంగా 5 నుంచి 7 ఏళ్ల మధ్య అర్థమవుతుంది. "తాతయ్య నిద్రపోయాడు" అంటే రాత్రి నిద్రకు భయపడతారు. "ఊరెళ్లాడు" అంటే ఎదురుచూస్తారు. "ఛీ, అశుభం పలక్కు" అంటే ఈ సంగతి మాట్లాడకూడనిదని నేర్చుకుంటారు, భయం మాత్రం అలాగే ఉంటుంది.

నాన్నగారికి ముదిరిన క్యాన్సర్. ఆయన భయపడుతుంటే ఈ వాదనలన్నీ చెప్పొచ్చా?

వద్దు. మంచం మీద ఉన్న మనిషి నమ్మకాలను సరిదిద్దడం మీ పని కాదు. ఏది భయమో అడిగి వినండి. తరచుగా బయటపడేవి మూడు: నొప్పి, ఒంటరిగా పోవడం, సగంలో ఆగిన బాధ్యతలు. మొదటిదానికి పాలియేటివ్ వైద్యం, అంటే నొప్పినీ బాధనీ తగ్గించే వైద్యం ఉంది. సరైన మోతాదులో డాక్టరు ఇచ్చే మార్ఫిన్ క్యాన్సర్ నొప్పిని చాలామందిలో బాగా తగ్గిస్తుంది. "మత్తుకు అలవాటు పడతారు" అని దాన్ని ఆపించే బంధువులుంటారు, వాళ్లకు డాక్టరు చేతే చెప్పించండి. రెండోదానికి చేయి పట్టుకుని కూర్చోండి. మూడోదానికి ఆయన చెప్పేది రాసుకోండి.

## డాక్టరు దగ్గర, కాగితాల దగ్గర

ఎప్పుడు డాక్టరును కలవాలి? మందులు తప్పవా?

నెల రోజులకు మించి నిద్ర, పని దెబ్బతింటే, పానిక్ పదేపదే వస్తే, ఇల్లు దాటలేకపోతే కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. చావంటే భయంతో పాటు చచ్చిపోవాలన్న ఆలోచన కూడా వస్తుంటే ఈరోజే చేయండి, ఒంటరిగా ఉండకండి.

మందులు అందరికీ అక్కర్లేదు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (ఆందోళన, దిగులు తగ్గించే) రకం మందులు రాస్తే అవి పని చూపడానికి 2 నుంచి 6 వారాలు పడుతుంది, మొదటి వారంలో గాభరా కాస్త పెరగొచ్చు, మధ్యలో మీరే మానేయకూడదు. గాభరా తగ్గించే అల్ప్రాజోలం మాత్ర వెంటనే ఊరటనిస్తుంది కానీ అలవాటు పడే మందు. చీటీ లేకుండా షాపులో కొని వాడకండి.

వీలునామా రాస్తే చావును పిలిచినట్టు కాదా?

రాసి దశాబ్దాలు బతికినవాళ్లు రిజిస్ట్రారు ఆఫీసుల్లో కావలసినంత మంది దొరుకుతారు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వాళ్లచేతా చేయిస్తే చెల్లుతుంది. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత వివాదాలు తగ్గుతాయి.

కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటరు వంటివి వద్దనుకుంటే ముందస్తు వైద్య నిర్దేశం రాసుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని తేలిక చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరిస్తే చాలు. అందులో మీ తరఫున నిర్ణయం చెప్పగల మనిషి పేరు రాయండి, ఒక కాపీ ఆ మనిషికి, ఒకటి మీ ఫ్యామిలీ డాక్టరుకు ఇవ్వండి.